చుక్కా గిక్కా

ఏప్రిల్ 6
కొండ మీద, మబ్బుల్లోంచి

మామయ్యా,

ఈ ఉత్తరం చదివే ముందు కుర్చీలో కూర్చో. కూర్చున్నావా? ఇప్పుడు జీపు డ్రైవర్ చేతిలో ఉన్న అట్టపెట్టె తీసుకో. జాగ్రత్త, అడుగు తడిసి ఉంటుంది.

అరవకు. ముందు చదువు.

కిందటి నెల నీకు పంపిన కుక్కపిల్ల ఉంది కదా, నుదుట తెల్లచుక్కది, ఇది దాని చెల్లెలు. మా వాతావరణ కేంద్రం షెడ్డులో పుట్టినవి ఈ రెండే. తల్లి ఎటు పోయిందో పోయింది, మళ్ళీ రాలేదు. దీనికి సీసాతో పాలు పట్టి నేనే ఉంచుకుందామనుకున్నాను. మా ఆఫీసరు కూడా చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. కానీ మొన్న ఇది వెళ్ళి వాన కొలిచే పాత్రలో మూతి పెట్టి, రాత్రి పడ్డ వానంతా తాగేసింది. కుండపోతగా కురిసిన రోజున చినుకు పడలేదని నేను పైవాళ్ళకు రాసి పంపాను. ఆ తర్వాత ఆయన ఊరుకోలేదు.

నువ్వేం కంగారు పడకు. ఒక్క కుక్కే ఉంటే దానికి నువ్వే దిక్కు, పొద్దస్తమానం నీ కాళ్ళకు అడ్డం పడుతుంది. రెండుంటే ఒకదానికొకటి తోడు. అవే ఆడుకుంటాయి, అవే పడుకుంటాయి. నువ్వు హాయిగా నీ కట్టుడుపళ్ళు చేసుకోవచ్చు. రెండో దానికంటూ నువ్వు చెయ్యాల్సింది ఏమీ ఉండదు మామయ్యా, నా మాట నమ్ము.

ఇక్కడ ఫోను అందదని నీకు తెలుసు. తిట్లన్నీ కాగితం మీద పెట్టి డ్రైవర్‌కి ఇవ్వు.

నీ ముద్దుల కోడలు


ఏప్రిల్ 15

మబ్బులు కొలిచే మేనకోడలికి, పళ్ళు కట్టే మేనమామ మండిపడుతూ రాసేది:

కూర్చోమన్నావు, కూర్చున్నాను. ఆ కూర్చోవడమే కూర్చోవడం, మళ్ళీ కూర్చుంటే ఒట్టు.

తోడట తోడు! దొంగకి దొంగ తోడు. ఒకతి గుమ్మంలో నిలబడి నా అడుగుల చప్పుడు వింటుంది, రెండోది లోపల పళ్ళ అచ్చుకి పెట్టుకున్న మైనం ముద్ద ఎత్తుకుపోతుంది. నడిపిద్దామని తీసుకెళ్తే ఒకతి చెట్టు అంటుంది, ఒకతి గోడ అంటుంది. తాళ్ళు రెండూ నా కాళ్ళకు చుట్టుకుని నడివీధిలో నిలువునా పడ్డాను. పక్కింటి టైలరమ్మ కత్తెర తెచ్చి కోసి నన్ను విడిపించింది. "మీరు వాటిని నడిపిస్తున్నారా, అవి మిమ్మల్ని నడిపిస్తున్నాయా?" అని అడిగింది.

చుక్క ఇప్పుడు గుడ్డు తింటోంది. అది కూడా తింటోంది. చుక్కకి నా పాత స్వెట్టర్ మీద పడుకుంటే గాని నిద్ర పట్టదు. అది కూడా అక్కడే. చుక్కకి కడుపు చెడిందని డాక్టర్ దగ్గరకు పట్టుకెళ్ళాను. "రెండింట్లో దేనికండీ?" అన్నాడాయన. నాకేం తెలుసు? పొద్దున లేచేసరికి గచ్చు మీద ఉంది, కింద సంతకం లేదు. ఇద్దరికీ మందు పోశాను.

పేరేం పెట్టావని అడుగుతావు. చుక్క పేరు నీకు తెలుసు. నేను ఒప్పుకున్నది ఒక్క కుక్కకి. ఇది పైన పడింది. పాలూ గీలూ, పనీ గినీ అన్నట్టు, చుక్కా గిక్కా. కాబట్టి ఇది గిక్క. పిలవడం సులువు, ఒక్క గుక్కలో రెండూ వచ్చేస్తాయి.

ఇక అసలు సంగతి. లెక్కల మాస్టారు ఉన్నారే, రిటైరయి ఈ వీధి చివర ఒక్కరే ఉంటున్నాయన, పళ్ళ సెట్టు వదులైందని సరిచెయ్యడానికి ఇచ్చి వెళ్ళారు. బల్ల మీద పెట్టి వేడినీళ్ళ కోసం లోపలికి వెళ్ళాను. వచ్చేసరికి ముందుపళ్ళు చుక్క నోట్లో, దవడపళ్ళు గిక్క నోట్లో. పాపం, చక్కగా పంచుకున్నాయి. మాస్టారికి ఈ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పాక ఆయనకు తిట్టడానికి నోట్లో పళ్ళు లేవు.

ఒక కుక్కకి ఒప్పుకుని ఇరుక్కున్న
నీ మామ


మే 3

మామయ్యా,

నీ ఉత్తరం చదివి పొట్ట చెక్కలయింది. మా ఆఫీసరుకి కూడా చదివి వినిపించాను. సంతకం లేదన్న చోట ఆయనకి టీ పొలమారింది.

నవ్వు అయ్యాక మళ్ళీ చదివాను. చుక్క ఏం తింటుందో రాశావు, ఎక్కడ పడుకుంటుందో రాశావు. గిక్క దగ్గరకు వచ్చేసరికి అన్నిటికీ "అది కూడా" అన్నావు. ఎందుకో మనసు చివుక్కుమంది. సీసా పట్టి పెంచాను కదా, నా పిల్లని బళ్ళో ఎవరూ పట్టించుకోలేదన్నట్టు అనిపించింది.

కింద ఊళ్ళో పశువులకు టీకాలు వెయ్యడానికి ఒక డాక్టరమ్మ వస్తే, దిగి వెళ్ళి అడిగాను. నేను నీకు చెప్పిందంతా తప్పట మామయ్యా. ఒక్క ఈతలో పుట్టిన పిల్లలు రెండూ ఒకే ఇంట్లో పెరిగితే ఒకదానికొకటి అతుక్కుపోతాయట. మనిషి మాట చెవిన పెట్టవు, ఒకటి లేనిదే ఇంకోటి ఊపిరి తీసుకోలేని స్థితికి వస్తాయి. రెండు కుక్కలంటే ఒకే పని రెండుసార్లు చెయ్యడం కాదు, రెండు వేరు వేరు పనులు అందావిడ. అందుకని ఆలస్యం కాకముందే రెండింటినీ విడదీయి. చుక్క బతుకు చుక్కది, గిక్క బతుకు గిక్కది కావాలి. ఎలాగో వివరంగా రాద్దామనుకున్నాను గాని డ్రైవర్ హారన్ కొట్టి చంపుతున్నాడు, కొండ మీద మంచు దిగుతోందట.

మాస్టారిని అడిగానని చెప్పు.

నీ కోడలు


మే 19

అమ్మడూ,

ఈసారి కోపంగా రాయడం లేదు. కోపం వస్తే బాగుండును.

మాస్టారికి కొత్త సెట్టు చేస్తున్నాను. పళ్ళు లేక ఆయన చిగుళ్ళు కుదించుకుపోయాయి, అచ్చు తీస్తే ఒకలా, మైనం పెడితే ఒకలా వస్తోంది. అందుకని మాటిమాటికీ వచ్చి ముందు గదిలో కూర్చుంటున్నారు. ఊరికే కూర్చోలేరు కదా, కుక్కల్ని పిలుస్తారు. బోసినోట "చ" అనడం ఎంత కష్టమో నా పనిలో ఉన్నవాడికి తెలుస్తుంది. ఆయన "చుక్కా" అంటే గాలి తప్ప ఏమీ రాదు. "గిక్కా" అలా కాదు, గొంతులోంచి వస్తుంది, పళ్ళతో పని లేదు. కాబట్టి ఆయన గిక్కని మాత్రమే పిలుస్తారు.

అది వెళ్తుందే! చెవులు వెనక్కి పెట్టుకుని వెళ్ళి ఆయన పాదాల మీద గడ్డం ఆనించి కూర్చుంటుంది. నేను పిలిస్తే ఏనాడూ అలా రాలేదు. నేను పిలిస్తే చుక్క వస్తుంది, చుక్క వెనక అది వస్తుంది. నిజం చెప్పనా, నాకు ఒళ్ళు మండింది. పాలు పోసేది నేను, మందు పోసేది నేను, గచ్చు కడిగేది నేను. ఆయనేమో నోట్లో పళ్ళు లేక పిలిచారు.

అంతలో నీ ఉత్తరం. విడదీయి అన్నావు. నువ్వే తెచ్చి అంటగట్టి, నువ్వే విడదీయమంటే నేనేం అనుకోవాలి? తర్వాత నిదానంగా ఆలోచించాను. చదువుకున్న పిల్లవి, డాక్టరమ్మని అడిగి మరీ రాశావు. పిల్ల నా దగ్గర సరిగ్గా లేదని నీకు అనిపించింది, మర్యాదకి పైకి అనలేదు. అంతే కదా?

మాస్టారిని అడిగాను, గిక్కని మీరు పెంచుకుంటారా అని. ఆయన ఏమన్నారో అర్థం కాలేదు గాని, మొహం చూస్తే అర్థమైంది. మర్నాడు కొత్త తాడు కొనుక్కుని వచ్చి తీసుకెళ్ళారు. మలుపు దగ్గర అది ఆగి చుక్క కోసం వెనక్కి చూసింది. ఆయన పిలిచారు. వెళ్ళిపోయింది.

నువ్వు చెప్పినట్టే చేశాను. నీ మాట నేనెప్పుడు కాదన్నాను గనక?

మీ మామ


మే 27

మామయ్యా!

ఏం చేశావ్! ఎంత పని చేశావ్!

విడదీయమన్నది రోజూ కాసేపు! ఒకదాన్ని టైలరమ్మ దగ్గర ఉంచి ఇంకోదాన్ని నడిపించమని. వేరే గిన్నెలో, వేరే మూల తిండి పెట్టమని. దేని పేరుతో దాన్ని పిలవమని. అదంతా రాసేలోపు ఆ హారన్ మోగింది. ఇంట్లోంచి పంపెయ్యమని నేనెప్పుడు అన్నాను? నీ దగ్గర సరిగ్గా లేదని అనుకుంటే అసలు పంపుతానా? నాకు తెలిసిన మనుషుల్లో నీ అంత మెత్తని మనసున్నవాళ్ళు లేరు కాబట్టే కదా రెండోదాన్ని కూడా నీ నెత్తిన పెట్టింది!

మర్యాదకి పైకి అనలేదట. నీతో నాకు మర్యాదేంటి? పుట్టిన దగ్గర్నుంచి నీ మీసం పీకి పెరిగినదాన్ని.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను మామయ్యా. గాలి వేగం రాయాల్సిన చోట నిన్నటి అంకెలే రాశాను. అది వెనక్కి చూసిందని ఎందుకు రాశావు?

వెళ్ళి తెచ్చుకో. మాస్టారి కాళ్ళ మీద పడైనా సరే.

నీ కోడలు


జూన్ 9

కోడలు పిల్లా,

తిట్టావు, హమ్మయ్య. నువ్వు మర్యాదగా ఉంటే నాకు భయం వేస్తుంది.

ఇక్కడ సంగతి బాగాలేదు. గిక్క కాదు, చుక్క. గిక్క వెళ్ళిన దగ్గర్నుంచి ముద్ద సరిగ్గా ముట్టడం లేదు. పళ్ళు అరగదీసే మిషన్ పెడితే బల్లకింద దూరి వణుకుతుంది. ఆ మిషన్ చప్పుడులోనే పెరిగింది అది! గుమ్మం దాటమంటే దాటదు. ఇన్నాళ్ళూ దొరసానిలా ముందు నడిచేది కదా, ఆ ధైర్యమంతా వెనక గిక్క ఉందనే. నేనేమో గిక్కని తోక అనుకున్నాను. తోక ఇదేనే తల్లీ. మీ ఆకాశంలో ఎప్పుడో తప్ప కనపడదు గాని, తోకచుక్క మా బల్లకింద రోజూ కనపడుతోంది.

గిక్కని మొన్న వీధిలో చూశాను. మాస్టారి పక్కనే, తాడు లాగకుండా, పెద్దమనిషిలా నడుస్తోంది. నేను కిళ్ళీ కొట్టు చాటుకి తప్పుకున్నాను. ఎందుకు తప్పుకున్నానో అడగకు.

మాస్టారి సెట్టు ఈ నెలాఖరుకు తయారవుతుంది. ఇవ్వడానికి నేనే వాళ్ళింటికి వెళ్తాను, అప్పుడే అడిగి తెచ్చేస్తాను. చుక్క ప్రాణం కోసమైనా తేక తప్పదు. కాదన్నారో, సెట్టు తిరిగి జేబులో పెట్టుకుని వచ్చేస్తాను. పళ్ళు కావాలో కుక్క కావాలో ఆయన్నే తేల్చుకోమను.

మామ


జూన్ 17

మామయ్యా,

ఆగు. తెచ్చుకోమని గోల పెట్టినదాన్ని నేనే, ఆగమంటున్నదాన్నీ నేనే. ఈసారి డ్రైవర్‌ని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, పూర్తిగా రాస్తున్నాను.

చుక్క ప్రాణం కోసం తెస్తానన్నావు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. గిక్క అక్కడ పెద్దమనిషిలా నడుస్తోందని నువ్వే రాశావు. దాన్ని పేరు పెట్టి పిలిచే మనిషి దొరికాడు. ఇప్పుడు చుక్క బెంగ తీర్చడానికి తీసుకొస్తే, దాన్ని మళ్ళీ ఇంకొకరి కోసం తెచ్చినట్టే కదా? మొదటిసారి నేను చేసింది అదే. చుక్కకి తోడు అని పంపాను. దాని కోసం దాన్ని పంపలేదు. ఇంకోసారి అలా వద్దు.

చుక్కకి మనిషితో ఉండటం నేర్పాలి, అది మన పని, గిక్క పని కాదు. చేత్తో పెట్టు. ఒక్కదాన్నే గుమ్మం దాటించు, మర్నాడు ఇంకొంచెం. మొండికేస్తే నువ్వు మొండికెయ్యి, అందులో నిన్ను మించినవాళ్ళు లేరు.

అది కుదుటపడ్డాక నిన్ను నువ్వు అడుగు. చుక్క సంగతి వదిలెయ్, నా సంగతి వదిలెయ్. గిక్క నీకు కావాలా? కావాలంటే వెళ్ళి దాన్ని ఒక్కదాన్నే పిలువు. వస్తే నీది. రాకపోతే మాస్టారి దగ్గరే ఉండనీ, జన్మలో ఒక్క మాట అనను. కావాలంటే దానికి ఒక మంచి పేరు కూడా పెట్టు. వెక్కిరింపు పేరుతో ఎన్నాళ్ళు బతుకుతుంది?

నీ కోడలు


జూలై 8

కోడలు పిల్లా,

ఏమైందో ముందే చెప్పను. వరసగా చదువు. చివరి కాగితం ముందు తిప్పి చూసే రకానివి నువ్వు, మీ అమ్మ పోలిక. తిప్పావంటే మీసం మీద ఒట్టు, మళ్ళీ ఉత్తరం రాయను.

చుక్క బతికింది. నువ్వు చెప్పినట్టే చేశాను. గచ్చు మీద దాని పక్కన కూలబడి వేళ్ళతో పెడితే మొదట నా వేళ్ళు నాకింది, తర్వాత తిండి తింది. గుమ్మం దాటడానికి చాలా రోజులు పట్టింది. ఇద్దరం గుమ్మంలో కూర్చుని వీధిని చూస్తుంటే పోయేవాళ్ళంతా ఇల్లు అద్దెకుందా అని అడిగారు. ఇప్పుడు నాతో ఒక్కతే సంత దాకా వస్తోంది. నేను లేకపోయినా టైలరమ్మ మిషన్ కింద పడుకుంటోంది. అంటే దానికి గిక్క లేకపోయినా గడుస్తుంది. అప్పుడిక చుక్క పేరు చెప్పి తప్పించుకునే దారి నాకు లేకుండా పోయింది.

గిక్క నాకు కావాలా అని అడిగావు. సెట్టు పట్టుకుని మాస్టారింటికి వెళ్ళినప్పుడు, ఆయన దాని గురించి చెప్పడం మొదలుపెట్టారు. పళ్ళు పెట్టుకోగానే మొదటి మాట అదే. ఎడమ చెవి కింద గోకితే కునుకు తీస్తుందట. కొబ్బరి చీపురంటే భయమట, గొడుగంటే ఇష్టమట. వాన వస్తే బయటికెళ్ళి నోరు తెరిచి నిలబడుతుందట. నీ వాన పాత్ర గుర్తొచ్చి నవ్వబోయి ఆగాను. నా ఇంట్లో అన్నాళ్ళు ఉంది, ఇందులో ఒక్కటీ నాకు తెలీదు. సిగ్గేసింది. అవన్నీ నేను చూడాల్సినవి, నా చేత్తో తెలుసుకోవాల్సినవి అనిపించింది. కావాలే అమ్మడూ. చాలా కావాలి.

అదే ఆయనతో అన్నాను. ఆయన కొత్త పళ్ళు నాలుకతో తడుముకున్నారు. "నేను దాన్ని ఇవ్వను. మీరు తీసుకెళ్ళొద్దు. అదే తేల్చుకుంటుంది," అన్నారు. రేపు పొద్దున రండి, నేను అరుగు మీద నా కుర్చీలో ఉంటాను, మీరు గేటు బయట నిలబడి ఒక్కసారి పిలవండి, వస్తే మీ కుక్క, రాకపోతే నాది, అన్నారు. "వచ్చినా సరే, పొద్దున నడక మాత్రం నాది. మీకు రెండో దాని పని ఉంటుంది కదా," అని కూడా అన్నారు. సరేనన్నాను. అంతకన్నా న్యాయంగా ఎవరు చెప్తారు?

పేరు మార్చలేదు, అది కూడా చెప్పెయ్యాలి. నువ్వు వెక్కిరింపు అన్నావని మంచి పేర్ల కోసం రాత్రి వెతికాను. ఏ పేరు తీసుకున్నా వెనక ఒక గి తగులుకుంటోంది. గిక్కకి తగిలించి చూడు. గిక్కా గిక్కా అవుతుంది. ఏ తోకా అతకని పేరు అదొక్కటేనే. దాన్ని ఎందుకు మారుస్తాను?

పొద్దున చుక్కని టైలరమ్మ దగ్గర వదిలి, చేతిలో తాడు లేకుండా, జేబులో బిస్కెట్టు ముక్క లేకుండా వెళ్ళాను. నా భయమల్లా నా నోటితోనే. వారాల తరబడి ఒక్క గుక్కలో రెండు పేర్లు పిలిచిన నోరు. దారంతా చుక్క అనే మాట బయటికి రాకుండా పళ్ళు బిగించుకుని నడిచాను. పాలవాడు పలకరిస్తే తల ఊపాను, నోరు తెరవలేదు.

మాస్టారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. గిక్క ఆయన పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది. నన్ను చూసి తోక కదిపింది గాని లేవలేదు. నోరు తెరిచాను, పాడు నోరు, "చు" అనేసింది. అక్కడే మింగేశాను. గిక్క తల ఎత్తి నా వెనక వీధంతా వెతికింది, చుక్క కోసం. చుక్క లేదు. మళ్ళీ తల వాల్చేసింది.

ఇక అయిపోయిందనుకున్నాను. ఒక్కసారి అని కదా మాట. మాస్టారి వైపు చూశాను. ఆయన ఎటో చూస్తూ, "ఇంకా పిలవలేదుగా మీరు," అన్నారు.

"గిక్కా," అన్నాను.

అది లేచి నిలబడింది. నా వెనక చూడలేదమ్మడూ, నా మొహంలోకి చూసింది. ఎవరిని పిలుస్తున్నావు అన్నట్టు. "నిన్నేనే, గిక్కా," అన్నాను. అరుగు దిగింది, పూలతొట్లు దాటింది, గేటు సందులోంచి దూరి వచ్చి, నా కాళ్ళ మీద ఎంత గట్టిగా పడిందంటే నేను వీధిలో చతికిలపడ్డాను. మీసమంతా నాకేసింది. ఏడుస్తున్నావేంటి మామయ్యా అని నువ్వు అడగకముందే చెప్తున్నాను, ఏడ్చాను. నేను పిలిచాను, అది వచ్చింది. ఇంకెవరి వెనకా రాలేదు.

ఒసే కోడలా, నాకు రెండు కుక్కలున్నాయే.

మామ